స్టాక్ మార్కెట్ ఎదిగితే దేశం ఎదుగుతుందా?

ఆర్థికశాస్త్ర విద్యార్థి:

అందరికీ నమస్కారం. వర్ధమాన దేశాల్లో స్టాక్ మార్కెట్ అభివృద్ధికీ ఆర్థిక వృద్ధికీ ఉన్న సంబంధం మీద సిద్ధాంత వ్యాసం రాస్తున్నాను. ఒక దేశాన్ని ఎంచుకుని దాదాపు ముప్పై ఏళ్ల లెక్కలు సేకరించాను. నమోదైన కంపెనీల మొత్తం విలువ జీడీపీలో ఎంత శాతం, ఏడాదిలో ఎంత విలువైన షేర్లు చేతులు మారాయి, ఎన్ని కంపెనీలు నమోదయ్యాయి అన్నవి ఒకవైపు పెట్టాను. తలసరి ఆదాయ వృద్ధి రేటు మరోవైపు. రెండూ కలిసే నడుస్తున్నాయని లెక్క తేలింది. మా గైడు గారు మాత్రం "కలిసి నడుస్తున్నాయి, సరే. ఎవరు ఎవరిని నడిపిస్తున్నారో చెప్పు" అంటున్నారు.

చదివినంతలో ఆర్థికవేత్తలు రెండు పక్షాలుగా కనిపిస్తున్నారు. కొత్త పరిశ్రమకు పెట్టుబడిని అందించేవారే ప్రగతికి దారి వేస్తారని షుంపీటర్ 1911లోనే వాదించారు. వ్యాపారం ముందు వెళ్తుంది, ఫైనాన్స్ దాని వెనకాలే వస్తుందని జోన్ రాబిన్సన్ 1952లో రాశారు. దేశం తొలి దశలో ఉన్నప్పుడు ఫైనాన్స్ ముందుంటుందని, ఎదిగాక వెనక నడుస్తుందని హ్యూ ప్యాట్రిక్ 1966లో మధ్యేమార్గం చెప్పారు. నా దగ్గరున్న అంకెలతో వీరిలో ఎవరిది నిజమో తేల్చగలనా? మార్కెట్‌ను దగ్గరగా చూసినవారు, గణాంకాలు తెలిసినవారు దయచేసి చెప్పండి.

లెక్కల మాస్టారు:

ముందు మీ మొదటి చలరాశినే గట్టిగా నిలదీయండి. మార్కెట్ విలువ అంటే షేర్ల సంఖ్యను ధరతో గుణిస్తే వచ్చేది. ధరలో ఏముంటుంది? రేపటి లాభాల మీద ఈనాటి అంచనా ఉంటుంది. వచ్చే రెండేళ్లలో దేశం బాగుంటుందని పదిమందికీ అనిపిస్తే ధర ఈరోజే పెరుగుతుంది, వృద్ధి ఆ తర్వాత అంకెల్లో కనబడుతుంది. ఏది ముందు కదిలింది, ఏది వెనక కదిలింది అని చూసే గ్రాంజర్ పరీక్ష మీరు చేస్తే మార్కెట్ ముందు, వృద్ధి వెనక అని ఫలితం వస్తుంది. దాన్ని చూసి మార్కెట్ వల్లే వృద్ధి వచ్చిందని రాస్తే తప్పు. వానను ముందే పసిగట్టినవాడు వాన కురిపించినట్టు కాదు కదా.

రెండో మాట. ముప్పై ఏళ్లంటే ముప్పై పరిశీలనలే. మీ శ్రేణులు రెండూ ఏటికేడు పైకి పోయేవైతే, వాటి మధ్య ఏ సంబంధమూ లేకపోయినా సంబంధాన్ని కొలిచే రిగ్రెషన్ లెక్క బ్రహ్మాండంగా వస్తుంది. శ్రేణి స్థిరంగా ఉందా లేదా అని చూసే యూనిట్ రూట్ పరీక్ష, రెండు శ్రేణులు దీర్ఘకాలంలో నిజంగా ముడిపడి ఉన్నాయా అని చూసే సహసమగ్రత పరీక్ష చేయకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి. వృద్ధి రేటు ఒక తీరు శ్రేణి, మార్కెట్ విలువ శాతం మరో తీరు శ్రేణి. రెండింటినీ ఒకే సమీకరణంలో పెట్టేముందు అవి ఏ జాతివో తెలుసుకోవాలి.

ఈ రంగంలో అందరూ ప్రస్తావించే పరిశోధన రాస్ లెవీన్, సారా జెర్వోస్‌లది. 1998లో అచ్చయింది. 47 దేశాలు, 1976 నుంచి 1993 వరకు. అందులో తేలిన సంగతి మీకు సూటిగా పనికొస్తుంది. మార్కెట్ ఎంత పెద్దదన్న దానికీ తర్వాతి వృద్ధికీ గట్టి సంబంధం దొరకలేదు. షేర్లు ఎంత సులువుగా చేతులు మారుతున్నాయన్న దానికీ, బ్యాంకులు ప్రైవేటు రంగానికి ఇచ్చిన అప్పులకూ మాత్రం గట్టి సంబంధం కనిపించింది. పైగా ఈ రెండూ ఒకదానికొకటి పోటీ కాలేదు, దేని ప్రభావం దానికే ఉంది.

పరిమాణం మీద నమ్మకం పెట్టుకోకూడదంటే జింబాబ్వే ఒక్కటి చూస్తే చాలు. 2008లో అక్కడి ధరల పెరుగుదల అధికారిక లెక్కల్లోనే కోట్ల శాతం. డబ్బు చేతిలో ఉంటే కరిగిపోతుందని జనం షేర్ల మీద పడ్డారు. స్థానిక డాలర్లలో సూచీ రోజూ ఆకాశానికి ఎగిరింది, ఆర్థిక వ్యవస్థ పాతాళానికి దిగింది. ఆ ఏడాది నవంబరులో ఎక్స్ఛేంజిలో లావాదేవీలే ఆగిపోయాయి. 2009 ఫిబ్రవరిలో మళ్ళీ తెరిచేనాటికి లెక్కలు అమెరికా డాలర్లలోకి మారాయి.

కొత్త మదుపరి:

మాస్టారూ, నాకు ఒక సందేహం. షేర్లు సులువుగా చేతులు మారడం వల్ల దేశానికి మేలు అన్నారు. నేను కొన్న షేరును మరొకరికి అమ్మితే కంపెనీకి ఒక్క రూపాయి కూడా వెళ్లదు కదా? పగలంతా మేమిద్దరం ఒకే కాగితాన్ని అటూ ఇటూ మార్చుకుంటే వృద్ధి ఎక్కడి నుంచి వస్తుంది?

పాత బ్రోకరు:

ఇది అసలైన ప్రశ్న. దీనికి నేను సమాధానం చెబుతాను.

ఒక ఉక్కు కర్మాగారానికి ఇరవై ఏళ్లు కదలని డబ్బు కావాలి. పొదుపు చేసే మనిషికి ఇరవై ఏళ్లు కదలకుండా ఉండే స్తోమత ఉండదు. కూతురి పెళ్లి వస్తుంది, ఆస్పత్రి ఖర్చు వస్తుంది. ఈ ఇద్దరి అవసరాలనూ ఒకేసారి తీర్చేది సెకండరీ మార్కెట్. కంపెనీ దగ్గర డబ్బు అలాగే ఉంటుంది, దాని మీద హక్కు మాత్రం ఒకరి నుంచి ఇంకొకరికి పోతుంది. ఎప్పుడైనా అమ్ముకోవచ్చన్న ధైర్యం లేకపోతే మొదట్లోనే ఎవరూ కొనరు. అప్పుడు ఆ పొదుపు బంగారంలోకో భూమిలోకో పోతుంది. మీరు అమ్మిన షేరు వల్ల కంపెనీకి నేరుగా ఏమీ రాదన్నది నిజమే. కానీ మీరు అమ్ముకోగలరన్న భరోసా వల్లే ఆ కంపెనీ మొదటి రోజున షేర్లు జారీ చేయగలిగింది.

ఈ భరోసా ఎంత కష్టం మీద వచ్చిందో కాగితం షేర్ల కాలంలో పనిచేసినవారికి తెలుస్తుంది. భారతదేశంలో 1990ల నడుమ దాకా షేరు అంటే అచ్చు వేసిన సర్టిఫికెట్టే. అమ్మేవారు ట్రాన్స్‌ఫర్ డీడు మీద సంతకం చేసి, సర్టిఫికెట్టుతో జతచేసి బ్రోకరుకు ఇవ్వాలి. అది కొన్నవారి బ్రోకరుకు, అక్కడి నుంచి కొన్నవారికి, వారి నుంచి కంపెనీ రిజిస్ట్రారుకు పోవాలి. రిజిస్ట్రారు దగ్గర పాత సంతకం తీసి పోల్చి చూసేవారు. పదేళ్ల కిందటి సంతకానికి ఇప్పటి సంతకం కొంచెం తేడాగా ఉన్నా "బ్యాడ్ డెలివరీ" అని వెనక్కి పంపేవారు. ఆ కట్ట మళ్ళీ వచ్చిన దారినే ఒక్కో మెట్టూ దిగి అమ్మినవారి దగ్గరికి చేరాలి. ఈలోగా డివిడెండు ప్రకటిస్తే అది పాత యజమాని పేరు మీద పోయేది. టపాలో పోయినవి, నకిలీవి, చిరిగినవి సరేసరి. కొన్న షేరు తన పేరు మీదికి రావడానికి నెలలు పట్టే చోట సామాన్యుడు ఏ ధైర్యంతో పొదుపు తెచ్చి పెడతాడు?

1992లో హర్షద్ మెహతా షేర్ల కుంభకోణం బయటపడ్డాక మార్పులు వేగం అందుకున్నాయి. అదే ఏడాది మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీకి చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. షేరు ఏ ధరకు జారీ చేయాలో ప్రభుత్వ అధికారి నిర్ణయించే పద్ధతి రద్దయింది. 1994లో నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి కంప్యూటర్ తెర మీద షేర్ల లావాదేవీలు మొదలుపెట్టింది. 1996లో షేర్లను ఎలక్ట్రానిక్ ఖాతాల్లో ఉంచే డిపాజిటరీల చట్టం వచ్చి కాగితం మాయం కావడం మొదలైంది. 2001లో బదలా, అంటే లెక్క తీర్చడాన్ని తర్వాతి గడువుకు వాయిదా వేసుకునే పద్ధతి పోయింది, ఏ రోజు లావాదేవీకి ఆ రోజు నుంచి లెక్కపెట్టి నిర్ణీత రోజుల్లో డబ్బు, షేర్లు చేతులు మారే సెటిల్‌మెంటు వచ్చింది. మొదట ఐదు రోజులు, 2002లో మూడు, 2003లో రెండు, 2023 జనవరికల్లా ఒక్క రోజు. నన్నడిగితే సూచీ ఎన్ని వేలు దాటిందన్న దానికంటే ఈ వరుసే దేశాభివృద్ధికి అసలైన గుర్తు.

అయితే కొత్త మదుపరి గారి భయంలోనూ నిజముంది. లావాదేవీలు ఒక హద్దు దాటాక అవి పెట్టుబడికి చేసే సేవ ఏమీ ఉండదు. రేపటి ధర మీద పందెం వంటి ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో వ్యక్తిగతంగా ఆడినవారిలో 93 శాతం మంది 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో నష్టపోయారని సెబీ అధ్యయనమే చెప్పింది. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలకు పైమాటే. ఆ సొమ్ముతో ఒక్క యంత్రమూ కొనలేదు, ఒక్క గోడా కట్టలేదు. దీన్ని తలచుకుంటే నాకు కడుపు మండుతుంది.

వృద్ధి బాట:

మీరంతా మార్కెట్ ఎలా మేలు చేస్తుందో చెబుతున్నారు. అసలు మార్కెట్ లేకుండానే ఎదిగిన దేశాల సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నేను ఎత్తుతాను.

బోట్స్వానా 1966లో స్వతంత్రమైంది. అప్పుడది ప్రపంచంలోని అతి పేద దేశాల్లో ఒకటి. తర్వాతి రెండు దశాబ్దాల్లో అంత వేగంగా ఎదిగిన దేశాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. షేర్ల మార్కెట్ అక్కడ 1989లో గానీ మొదలు కాలేదు. వజ్రాల ఆదాయం, దాన్ని పద్ధతిగా వాడుకున్న ప్రభుత్వం, ఇవీ అక్కడి వృద్ధికి మూలాలు.

దక్షిణ కొరియాలో ఎక్స్ఛేంజి 1956 నుంచే ఉంది. కానీ ఆ దేశాన్ని పైకి లాగింది అది కాదు. 1961లో సైనిక ప్రభుత్వం బ్యాంకులను తన చేతిలోకి తీసుకుని, ఎగుమతులు చేసి చూపించినవారికి తక్కువ వడ్డీకి అప్పులిప్పించింది. పెద్ద కుటుంబాల కంపెనీలు షేర్లు జనానికి అమ్మడానికి ఇష్టపడకపోతే, 1972 చివర్లో ప్రభుత్వమే చట్టం తెచ్చి వాటిని మార్కెట్ గడప తొక్కించింది. విదేశీ మదుపరులు నేరుగా షేర్లు కొనే వీలు 1992లో గానీ ఇవ్వలేదు. అప్పటికే మూడు దశాబ్దాల వృద్ధి వారి ఖాతాలో ఉంది.

వియత్నాం సంస్కరణలు 1986లో మొదలైతే, హో చి మిన్ నగరంలో షేర్ల లావాదేవీలు 2000 జూలైలో రెండే రెండు కంపెనీలతో మొదలయ్యాయి.

ఇక చైనా. షాంఘై ఎక్స్ఛేంజి 1990 డిసెంబరులో మళ్ళీ తెరుచుకుంది. 2007 అక్టోబరులో అక్కడి సూచీ 6,100 పాయింట్లు దాటింది. ఆ ఎత్తును మళ్ళీ అందుకోలేదు. అదే 2007లో చైనా జీడీపీ దాదాపు 3.5 లక్షల కోట్ల డాలర్లు. 2023 నాటికి 17 లక్షల కోట్లు దాటింది. దేశం దాదాపు ఐదింతలైంది, సూచీ మాత్రం వెనకే ఉండిపోయింది. విద్యార్థి గారూ, మీ సమీకరణంలో ఈ దేశాన్ని ఎక్కడ పెడతారు?

పాత బ్రోకరు:

వృద్ధి బాట గారు చెప్పిన ఉదాహరణలన్నీ సరైనవే. కానీ అవన్నీ ఎదుగుదల మొదటి అంచెకు సంబంధించినవి. ఉక్కు, సిమెంటు, ఓడలు, రోడ్లు ఎలా కట్టాలో ప్రపంచానికి ముందే తెలుసు. బ్యాంకు అధికారి తనఖా చూసి అప్పివ్వగలడు. తనఖా పెట్టడానికి భవనం కూడా లేని సాఫ్ట్‌వేర్ కంపెనీకి, పదేళ్లు పరిశోధన చేస్తే గానీ ఫలితం తెలియని మందుల కంపెనీకి అప్పు ఎవరిస్తారు? అక్కడ వాటాదారు కావాలి. నష్టం వస్తే భరించి, లాభం వస్తే పంచుకునేవాడు కావాలి. కొరియా కూడా 1996లో కొస్డాక్ అని చిన్న, కొత్త కంపెనీలకు విడిగా మార్కెట్ పెట్టుకుంది.

ఆడిటరు:

అందరికీ నమస్కారం. నేను ప్రాస్పెక్టస్‌లు, అంటే షేర్లు జనానికి అమ్మేముందు కంపెనీ ఇచ్చే వివరాల పత్రాలు చదవడమే వృత్తిగా ఉన్న మనిషిని. ఈ చర్చలో ఒక పేజీ గురించి ఎవరూ మాట్లాడలేదు. ప్రతి పబ్లిక్ ఇష్యూ పత్రంలో "ఇష్యూ ఉద్దేశాలు" అనే అధ్యాయం ఉంటుంది. వచ్చే డబ్బు ఎక్కడికి పోతుందో అందులో రాయాలి. కొత్త కర్మాగారానికి ఇంత, పాత అప్పు తీర్చడానికి ఇంత, నిర్వహణ మూలధనానికి ఇంత, సాధారణ అవసరాలకు ఇంత అని. కొన్ని పత్రాల్లో ఆ అధ్యాయం చాలా పొట్టిగా ఉంటుంది. ఇప్పటికే ఉన్న వాటాదారులు తమ షేర్లు అమ్ముకుంటున్నారు, కంపెనీకి ఏమీ రాదు అని ఒక్క వాక్యంలో తేల్చేస్తారు. ఆఫర్ ఫర్ సేల్ అంటే అదే.

2024 అక్టోబరులో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఇష్యూ వచ్చింది. సుమారు 27,870 కోట్ల రూపాయలు, అప్పటికి దేశంలో అతి పెద్దది. అందులో ప్రతి రూపాయీ కొరియాలోని మాతృసంస్థకు వెళ్లింది. అంతకుముందు రికార్డు 2022 మేలో ఎల్‌ఐసీది, 20 వేల కోట్లకు పైగా. ఆ సొమ్ము ప్రభుత్వ ఖజానాకు వెళ్లింది. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు, దాచిందీ లేదు, పత్రంలో స్పష్టంగానే రాశారు. కానీ "ఈ ఏడాది మార్కెట్ ఇన్ని లక్షల కోట్లు సమీకరించింది" అని పత్రికల్లో వచ్చే అంకెను చూసి, అంత పెట్టుబడీ ఉత్పత్తిలోకి వెళ్లిందని అనుకుంటే పొరపాటు.

విద్యార్థి గారూ, మార్కెట్ విలువను పక్కన పెట్టి, కంపెనీలకు కొత్తగా చేరిన మూలధనం జీడీపీలో ఎంత శాతమో లెక్క కట్టండి. ఇష్యూలను తాజా జారీ, పాత వాటాల అమ్మకం అని రెండుగా విడదీయండి. పని ఎక్కువే, కానీ నిజం అక్కడే ఉంది.

కొత్త మదుపరి:

ఆడిటర్ గారూ, అయితే పాత వాటాల అమ్మకం దండగేనా?

ఆడిటరు:

దండగ అనను. ఒక కంపెనీ పుట్టినప్పుడు ప్రమాదానికి తెగించి డబ్బు పెట్టినవారు పదేళ్ల తర్వాత బయటికి వస్తారు. ఆ డబ్బుతో మరో నాలుగు కొత్త కంపెనీల్లో పెడితే అది దేశానికి ఉపయోగమే. బయటపడే దారి కనిపిస్తేనే లోపలికి వచ్చేవారుంటారు, పాత బ్రోకరు గారు చెప్పిన సూత్రమే ఇది. అమ్మిన సొమ్ము ఆ తర్వాత ఎటు వెళ్లిందన్నది ముఖ్యం. ఆ ప్రశ్నకు సమాధానం ప్రాస్పెక్టస్‌లో ఉండదు.

లాగోస్ ప్రవాసి:

నైజీరియాలో కొన్నేళ్లు పనిచేసినవాడిగా ఒక అధ్యాయం మీ ముందు ఉంచుతాను. బ్యాంకులు వేరు, మార్కెట్ వేరు అనుకుంటూ రాసే పరిశోధకులు దీన్ని తప్పకుండా చూడాలి.

2004 జూలైలో ఆ దేశ కేంద్ర బ్యాంకు గవర్నరు సొలూడో ఒక ఆజ్ఞ జారీ చేశారు. ప్రతి బ్యాంకు కనీస మూలధనం 200 కోట్ల నైరాల నుంచి 2,500 కోట్లకు పెరగాలి. గడువు 2005 డిసెంబరు. 89 బ్యాంకులు విలీనాలతో 25 అయ్యాయి. అంత మూలధనం ఎక్కడి నుంచి వస్తుంది? చాలా బ్యాంకులు షేర్ల మార్కెట్‌కే వచ్చాయి. ఇష్యూ మీద ఇష్యూ. మార్కెట్ విలువ, నమోదైన మూలధనం, లావాదేవీలు, మీరు కొలిచే ప్రతి అంకె పైకి లేచింది. లాగోస్‌లో ఆఫీసు కుర్రాళ్ల దగ్గర నుంచి పాస్టర్ల దాకా అందరి చేతుల్లో బ్యాంకు షేర్ల దరఖాస్తులే.

తర్వాతిది చెప్పడానికి బాధగా ఉంటుంది. బ్యాంకులు షేర్లు కొనడానికి బ్రోకర్లకు, మదుపరులకు ఆ షేర్లనే హామీగా పెట్టుకుని మార్జిన్ అప్పులు ఇచ్చాయి. కొన్ని బ్యాంకులు తమ సొంత షేర్లు కొనడానికే అప్పులిచ్చాయి. అంటే డిపాజిటుదారుడి డబ్బే తిరిగి బ్యాంకు మూలధనంగా లెక్కల్లో కనిపించింది. 2008 మార్చిలో సూచీ 66 వేలు తాకింది. ఏడాది తిరిగేసరికి మూడింట రెండు వంతులకు పైగా ఆవిరైంది. 2009 ఆగస్టు నుంచి కొత్త గవర్నరు సనూసీ ఎనిమిది బ్యాంకుల అధిపతులను తొలగించి, 62 వేల కోట్ల నైరాలు కుమ్మరించి వ్యవస్థను నిలబెట్టాల్సి వచ్చింది. 2010లో మొండి బాకీలు కొనడానికి ఒక ప్రభుత్వ సంస్థనే పెట్టారు.

2004 నుంచి 2007 వరకు మాత్రమే అంకెలు తీసుకున్న పరిశోధకుడికి, మార్కెట్ వల్లే వృద్ధి వచ్చిందని కచ్చితంగా తేలుతుంది. ఆ ఏళ్లలో ముడిచమురు ధర కూడా పెరుగుతూనే ఉంది. వృద్ధికి అసలు కారణం చమురా, షేర్లా అన్నది ఆ సమీకరణానికి తెలియదు.

లెక్కల మాస్టారు:

లాగోస్ ప్రవాసి గారు సరిగ్గా గురి చూసి కొట్టారు. సరుకు ధరను చలరాశిగా చేర్చకుండా చమురు దేశాల మీద, గనుల దేశాల మీద ఈ పరిశోధన చేయడం వృథా.

ఇంకొక సంగతి. ధరల్లో కంపెనీకి సంబంధించిన సమాచారం ఉంటేనే మార్కెట్ మంచి కంపెనీకి డబ్బు పంపి, చెడ్డదాన్ని పస్తు పెట్టగలదు. మోర్క్, యూంగ్, యూ అనే పరిశోధకులు 2000లో ఒక సులువైన కొలత చూపించారు. ఒక వారంలో ఎంత శాతం షేర్లు ఒకే దిక్కుకు కదిలాయి అని. 1995 లెక్కల్లో అమెరికాలో అది 58 శాతం దగ్గర, చైనా, పోలండ్‌లలో 80 శాతం, అంతకు పైన. పేద దేశాల్లో మంచి కంపెనీ, చెడ్డ కంపెనీ కలిసి లేచి కలిసి పడుతున్నాయి. ఆస్తి హక్కులకు రక్షణ బలహీనంగా ఉన్నచోట ఇది ఎక్కువని వారు తేల్చారు. అలాంటి మార్కెట్ ఎంత పెద్దదైతే మాత్రం ఏం ఎంచి పెడుతుంది?

ఆడిటరు:

మాస్టారు ఆస్తి హక్కుల మాట ఎత్తారు కాబట్టి నా రంగం నుంచి ఇంకొకటి. భట్టాచార్య, దౌక్ 2002లో అచ్చువేసిన పరిశోధనలో స్టాక్ మార్కెట్లున్న 103 దేశాలను చూశారు. 1998 చివరికి 87 దేశాల్లో ఇన్‌సైడర్ ట్రేడింగ్‌ను, అంటే కంపెనీ లోపలి సమాచారంతో షేర్లు కొనడం, అమ్మడాన్ని నిషేధించే చట్టాలున్నాయి. ఆ చట్టం కింద ఒక్కరి మీదైనా కేసు పెట్టిన దేశాలు 38 మాత్రమే. చట్టం చేసినందువల్ల కంపెనీలకు పెట్టుబడి చవకగా దొరకలేదు. మొదటి కేసు పెట్టాక మాత్రం పెట్టుబడి ఖర్చు గణనీయంగా తగ్గింది.

ఈ ఫలితాన్ని నేను ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరదు. లోపలి మనిషి ముందే తెలుసుకుని అమ్ముకుంటాడన్న అనుమానం ఉన్నంతకాలం బయటి మనిషి ప్రతి షేరుకూ తక్కువ ధరే ఇస్తాడు. ఆ తగ్గింపును నిజాయతీగా నడిచే కంపెనీ కూడా భరిస్తుంది. దానివల్ల కట్టాల్సిన కర్మాగారం కట్టకుండా ఉండిపోతుంది. ఈ నష్టం ఏ లెక్కల పుస్తకంలోనూ ఎక్కదు.

సత్యం కంప్యూటర్స్ వ్యవహారం తెలుగువారెవరూ మరచిపోలేదు. 2009 జనవరి 7న ఛైర్మన్ రాసిన లేఖ ప్రకారం ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవు. బ్యాంకు నిల్వను ధ్రువీకరించే ఉత్తరం బ్యాంకు నుంచి ఆడిటరుకు నేరుగా రావాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం. ఆ ఒక్క ఉత్తరం విలువ ఎంతో ఆరోజు మార్కెట్ మొత్తానికీ తెలిసింది.

చిన్న పరిశ్రమ:

ఇంతసేపూ మౌనంగా చదివాను. అయ్యా, అమ్మా, మీరు మాట్లాడుతున్న ఎక్స్ఛేంజి గడప దాకా రాలేనివారే వర్ధమాన దేశంలో ఎక్కువమందికి పని ఇస్తున్నారు. మాది ముప్పై మంది పనిచేసే లేత్ వర్క్‌షాపు. మాకు కావలసింది వాటాదారులు కాదు. సరుకు పంపాక పెద్ద కంపెనీ నుంచి డబ్బు వేళకు రావాలి, అది వచ్చేదాకా జీతాలివ్వడానికి బ్యాంకు అప్పు కావాలి. 45 రోజుల్లో చెల్లించాలని 2006 నుంచే చట్టం ఉంది. మాకు సరుకు బాకీ పడ్డ ఒక కంపెనీ షేరు ధర ఆ ఏడాది చక్కగా పెరిగింది, మా బిల్లు మాత్రం ఆరు నెలలు వారి బల్ల మీదే ఉంది. వారి చేతిలో నగదు నిండుగా కనిపించడానికి మా డబ్బు కూడా ఒక కారణమే.

విద్యార్థి గారి పరిశోధనలో మా వంటివారు ఏ గడిలో ఉంటారు?

వృద్ధి బాట:

నేను అడగాల్సిన ప్రశ్నను మీరు నాకంటే బాగా అడిగారు. లెవీన్, జెర్వోస్‌ల ఫలితంలో బ్యాంకు అప్పులకు విడిగా బలం ఉందని మాస్టారు మొదట్లోనే చెప్పారు. మన చర్చ మాత్రం షేర్ల చుట్టూనే తిరుగుతోంది. ప్రభుత్వాల శ్రద్ధ కూడా అంతే. సూచీ రెండు శాతం పడితే మంత్రులు మాట్లాడతారు, చిన్న పరిశ్రమ బిల్లు ఆరు నెలలు ఆగితే ఎవరూ మాట్లాడరు.

పాత బ్రోకరు:

చిన్న పరిశ్రమ గారి బాధ న్యాయమైనది. అందుకే ఒక మాట. పెద్ద కంపెనీలు తమ దీర్ఘకాలిక అవసరాలకు షేర్ల మార్కెట్‌కు, బాండ్ల మార్కెట్‌కు వెళ్తే, బ్యాంకు దగ్గర మీవంటివారికి ఇవ్వడానికి డబ్బు మిగులుతుంది. బాండ్ల మార్కెట్ బక్కచిక్కి ఉన్న దేశాల్లో పెద్దవారే బ్యాంకు ముందు వరుసలో నిలబడతారు, చిన్నవారికి ఖాళీ చేతులే. మార్కెట్ అభివృద్ధి మీకు చేసే మేలు ఇలా పరోక్షంగా ఉంటుంది. అది దానంతటదే జరుగుతుందని నేను హామీ ఇవ్వను. అలా మిగిలిన డబ్బును బ్యాంకు ప్రభుత్వ బాండ్లలో పెట్టి హాయిగా కూర్చోవచ్చు కూడా.

కొత్త మదుపరి:

విదేశీ మదుపరులు వస్తే మంచిదా, చెడ్డదా? ఒక నెల కొంటారు, మరో నెల అమ్మి పోతారు.

లెక్కల మాస్టారు:

బెకెర్ట్, హార్వే, లుండ్‌బ్లాడ్ 2005 పరిశోధన ప్రకారం, విదేశీయులకు షేర్ల మార్కెట్ తెరిచిన దేశాల్లో వార్షిక వృద్ధి సగటున ఒక శాతం దాకా పెరిగింది. కానీ మార్కెట్ తెరిచే దేశం ఆ ఏడాదుల్లోనే వాణిజ్యం, బ్యాంకులు, చట్టాలు అన్నీ సంస్కరిస్తుంది. ఏ సంస్కరణకు ఎంత పుణ్యం దక్కాలన్న వాదన ఇప్పటికీ తెగలేదు.

వారు వెళ్లిపోయే రోజున దేశంలోని పొదుపు నిలబడగలదా అన్నదే నేను చూస్తాను. 2024 అక్టోబరులో విదేశీ మదుపరులు భారత మార్కెట్‌లో 94 వేల కోట్ల రూపాయల షేర్లు నికరంగా అమ్మారు. దేశీయ సంస్థలు అంతకంటే ఎక్కువే కొన్నాయి. వాటి వెనక నెలనెలా మ్యూచువల్ ఫండ్లలోకి వచ్చే సిప్ సొమ్ము ఉంది, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే అది నెలకు 20 వేల కోట్లు దాటింది. చిలీ 1981లో ఉద్యోగుల పింఛను సొమ్మును ప్రైవేటు నిధులకు మళ్లించి ఇలాంటి దేశీయ బలగాన్నే తయారు చేసుకుంది. అయితే ఆడిటర్ గారి ప్రశ్న ఇక్కడా వెంటాడుతుంది. అంత పొదుపు వచ్చి, కొత్త షేర్లు తగినన్ని రాకపోతే పాత షేర్ల ధరలే పెరుగుతాయి.

ఆర్థికశాస్త్ర విద్యార్థి:

అందరికీ కృతజ్ఞతలు. మార్కెట్ విలువను ప్రధాన చలరాశిగా తీసేస్తున్నాను. తాజాగా జారీ అయిన మూలధనం, టర్నోవరు (చేతులు మారిన షేర్ల విలువ), ప్రైవేటు రంగానికి బ్యాంకు అప్పులు, ఎగుమతి సరుకు ధర, ఈ నాలుగూ పెడతాను. ఒకే దేశం, ముప్పై పరిశీలనలు అన్న చిక్కు మాత్రం అలాగే ఉంది. ఏం చేయమంటారు?

లెక్కల మాస్టారు:

దేశం మొత్తాన్ని ఒక్క అంకెగా చూడటం మానండి. పరిశ్రమలవారీగా విడదీయండి. రాజన్, జింగాలెస్ 1998లో చూపిన దారి ఇది. మందుల తయారీ వంటి పరిశ్రమలకు బయటి పెట్టుబడి ఎక్కువ కావాలి, పొగాకు వంటివి సొంత లాభాలతోనే నడుస్తాయి. మార్కెట్ నిజంగా పనిచేస్తుంటే మొదటి రకం పరిశ్రమలు రెండో రకం కంటే వేగంగా పెరగాలి. రెండూ కలిసి పెరిగితే దేశంలో వేరే కారణమేదో ఉందని అర్థం. ఇరవై పరిశ్రమలు తీసుకుంటే మీ ముప్పై పరిశీలనలు ఆరు వందలవుతాయి.

ఆడిటరు:

మీరు తీసుకున్నది భారతదేశమైతే ఇంకొక ఆధారం ఉంది. తాజా జారీ వంద కోట్లు దాటిన ఇష్యూలకు పర్యవేక్షక సంస్థను పెట్టాలని సెబీ నిబంధన. సాధారణంగా రేటింగ్ సంస్థలు ఆ పని చేస్తాయి. ఇష్యూ సొమ్ము చెప్పిన పనికే ఖర్చయిందా, ఎంత మిగిలింది, మిగిలింది ఎక్కడ దాచారు అన్న వివరాలతో అవి మూడు నెలలకొకసారి నివేదిక ఇస్తాయి. ఎక్స్ఛేంజిల వెబ్‌సైట్లలో కంపెనీ పేరుతో వెతికితే దొరుకుతాయి. ప్రాస్పెక్టస్‌లో కర్మాగారానికని రాసిన సొమ్ము రెండేళ్ల తర్వాత కూడా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనే ఉంటే దాన్ని విడిగా గుర్తించండి. ముందు ఒక్క పరిశ్రమలోని కంపెనీలతో మొదలుపెట్టండి. పట్టికకు గడులు ఎలా పెట్టుకోవాలో తెలియకపోతే ఇక్కడే అడగండి, నేను చూసి చెబుతాను.

చిన్న పరిశ్రమ:

ఆ పట్టికలో సరఫరాదారులకు చెల్లించాల్సిన బాకీలకు కూడా ఒక గడి పెట్టండి. చిన్న సంస్థలకు ఎంత బాకీ ఉందో కంపెనీలు వార్షిక నివేదికలో విడిగా చూపాలి. ఇష్యూ వచ్చిన ముందు ఏడాదికీ తర్వాతి ఏడాదికీ ఆ అంకె తగ్గిందో లేదో చూడండి.

ఆర్థికశాస్త్ర విద్యార్థి:

తప్పకుండా పెడతాను. మందుల కంపెనీలతో మొదలుపెడుతున్నాను. మొదటి పట్టిక తయారు కాగానే ఇక్కడే ఉంచుతాను.